ఒకటో నంబరు దీపం

మా ఇంటి స్తంభాలు ఊడదీసిన రోజు నేను ఊళ్ళో లేను. ఉండకూడదనే ముందురోజు మదనపల్లె బస్సెక్కాను. తొంభైల మొదట్లో మాట అది. పుంగనూరు పక్కన మా ఊరు. ఊళ్ళో మాది పెద్దిల్లు; ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. నడవలో పన్నెండు టేకు స్తంభాలుండేవి. బావులు ఎండి, వ్యాజ్యాలు ముదిరి, ముందు పొలాలు వెళ్ళాయి, తరవాత ఇల్లు వెళ్ళింది. కొన్నవాళ్ళకు ఇంటితో పనిలేదు. కలప, రాయి, పెంకు కావాలి. విడివిడిగా తీసుకుపోయారు.

పెద్దింటికి ఒక హక్కు ఉండేది. గంగమ్మ జాతరకు చాటింపు వేసే సాయంత్రం మొదటి దీపం మేము వెలిగించాలి. తాత వెలిగించాడు, నాన్న వెలిగించాడు. నా వంతు వచ్చేసరికి ఇల్లు లేదు. రావద్దని ఎవరూ అనలేదు, నేనే వెళ్ళలేదు. పోతే జనం పక్కకు జరిగి దారి ఇస్తారు, ఎవరో వత్తి చేతికందిస్తారు, ఇంకెవరో పక్కవాడి చెవిలో ఏదో చెబుతారు. అదంతా నాకు వద్దనిపించింది.

మదనపల్లెలో బస్టాండుకు దగ్గర్లో మేడమీద గది తీసుకుని పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాణ్ణి. మొదట రెండు వీసీఆర్‌లతో, రెండువేల సంవత్సరం దాటాక కంప్యూటర్‌తో. పెళ్ళివాళ్ళు భోజనానికి పిలిస్తే కూర్చునేవాణ్ణి కాదు, క్యారియర్ నాది నేను తెచ్చుకునేవాణ్ణి. చొక్కా ఇస్త్రీ చెడకుండా పగలంతా నిలబడే పని చేసేవాణ్ణి.

కంప్యూటర్ వచ్చిన రెండు మూడేళ్ళకు, ఎండలు ముదరకముందే ఒక ఉదయం మా ఊరి జాతర కమిటీ పెద్ద మెట్లెక్కి వచ్చాడు. టమాటా మండీ ఆయనది. గది అంతా ఒకసారి చూసి, నేను చూపించిన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమప్పా, బాగుండావా? మన ఊరి పని ఒకటుండాది."

"మన ఊరి పని ఊళ్ళో ఉండేవాళ్ళు చేసుకుంటారు లేప్పా."

"సేసుకోలేకనే కదా ఇంత దూరం వచ్చినాను. మెట్లు ఎన్నుండాయో లెక్కపెట్టినావా ఎప్పుడన్నా? మోకాళ్ళు పోయినాయి నాకు."

పని ఏమిటంటే, చాటింపు సాయంత్రం గుడి బయట బల్బుల గంగమ్మను నిలబెడతారు. వెదురు చట్రం మీద వందల కొద్దీ రంగు బల్బులు. పాదాలు, చీర కుచ్చెళ్ళు, చేతులు, నగలు, ముఖం ఒకటొకటిగా వెలుగుతూ పోయి చివరికి అమ్మ కళ్ళు వెలుగుతాయి. కుప్పం నుంచి ఒక మేస్త్రి ముప్పై ఏళ్ళుగా కడుతున్నాడు దాన్ని. ఈ ఏడాది దాని పక్కన పెద్ద తెర కట్టి, గుడి లోపల జరిగే అలంకారాన్ని ముందే తీసి ఉంచిన వీడియోగా వేయాలని కమిటీ ఆలోచన. గర్భగుడిలో పదిమందికి మించి పట్టరు. మిగిలిన ఊరంతా తెరమీద చూస్తుంది. తెరమీద పూజారి అమ్మకు గాజులు వేస్తే బల్బుల గంగమ్మ చేతికి గాజులు వెలగాలి. ముక్కుపుడక పెడితే ముక్కుపుడక వెలగాలి.

"పోయినేడు ఏమయిందో వినింటావు," అన్నాడు కమిటీ పెద్ద.

విన్నాను. మేస్త్రి యంత్రం పట్టేసి అమ్మకు ఒక కన్ను వెలిగి ఇంకో కన్ను వెలగలేదు. ఆ తరవాత రెండు నెలలకు ఊళ్ళో పశువులకు గాలికుంటు వచ్చింది. ఆ రెండింటినీ కలిపి మాట్లాడుకోవడానికి ఊరికి ఎంతోసేపు పట్టలేదు.

"ఈ ఏడు గూడా ఏమన్నా తేడా వస్తే బెంగుళూరు కాంట్రాక్టోళ్ళను పిలుస్తాం. మేస్త్రికి మొగంమీదనే సెప్పేసినాం. ముసలాయన కండ్లనీళ్ళు పెట్టుకున్యాడు. ఏం సేస్తాంప్పా, ఊరి నోరు మూయలేం కదా." లేస్తూ అన్నాడు: "నీకు రాదంటే సెప్పు, ఏం తప్పులేదు. ఇంకెవరినన్నా సూసుకుంటాం."

రాదంటే చెప్పమన్న తరవాత వచ్చునని చెప్పక తప్పలేదు. ఒక్క షరతు పెట్టాను. పనివాడిగా వస్తాను, పనివాడిగా పోతాను. శాలువా, తాంబూలం, మైకులో పేరు ఏవీ ఉండకూడదు.

"నీ ఇష్టం. నీ ఈపు వంచేదానికి మీ నాయన వల్లనే కాలేదు," అన్నాడాయన.

తరవాతి వారం కుప్పం వెళ్ళాను. మేస్త్రి ఇల్లు రైలు పట్టాలకు ఇవతల, రాయి కోసే షెడ్ల వెనక. ముందు వరండా నిండా చట్రాలు, తీగచుట్టలు, రంగు డబ్బాలు. సన్నగా ఉంటాడు మనిషి, చెవిలో ఎప్పుడూ పెన్సిలు. నన్ను చూడగానే భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకున్నాడు. మా తాత ముందు నిలబడినవాళ్ళు అలా కట్టుకునేవాళ్ళు. ఎవరు చెప్పారో ఏమో నేనెవరన్నది.

యంత్రం చూపించమన్నాను. గోనెపట్టా తీశాడు. నిలువెత్తు కొయ్య రోలరు. దానిచుట్టూ రాగి రేకులు మేకులు కొట్టి ఉన్నాయి, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. మోటారు దాన్ని మెల్లగా తిప్పుతుంటే రేకులు వరసగా బిగించిన తీగెలకు తగులుతాయి. ఏ రేకు ఏ తీగెకు తగిలితే ఆ బల్బులు వెలుగుతాయి. రేకు ఎంత పొడుగుంటే అంతసేపు వెలుగుతాయి.

"ఒగ వేలు రేకు ఒగ సెకను సామీ," అన్నాడు మేస్త్రి. చూపుడువేలు రోలరు మీద ఆనించి చూపించాడు. "నాకు గడియారం లేదు, వేళ్ళే. గాజులకు నాలుగు వేళ్ళు. వడ్డాణానికి ఆరు. కండ్లకు మాత్రం కొలత లేదు. వెలిగినాక మల్ల ఆరకూడదు."

కొయ్య నున్నగా, నల్లగా ఉంది. రాగి రేకుల మధ్య ఒకచోట సగం చెరిగిన చిలక చెక్కడం కనబడింది. మా నడవలో ప్రతి స్తంభానికీ పైన రెండు చిలకలుండేవి. చిన్నప్పుడు నేను వాటికి లెక్కలు నేర్పేవాణ్ణి.

మేస్త్రి నా చూపు గమనించాడు. "మీ ఇంటి కంబమే సామీ. కలప మండీలో కొన్న్యాను. అప్పట్లో పాత రోలరు సెదలు పట్టి పోయింది. దీనికి సెదలు పట్టదు."

ఆయన భార్య తెచ్చిన టీ తాగకుండా వచ్చేశాను. సీట్లు ఖాళీగా ఉన్నా పలమనేరు దాకా బస్సులో నిలబడే వచ్చాను.

అయినా పని పనే. రోలరు బదులు కంప్యూటర్ పెట్టాలని ముందే అనుకున్నాం. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఒకాయన ప్రింటరు తీగకు తగిలించే పెట్టె ఒకటి, దానికి చిన్న ప్రోగ్రాము ఒకటి తయారుచేసి ఇచ్చాడు. పెట్టెలో టకటకమనే స్విచ్చులు, ఒక్కో స్విచ్చుకు ఒక్కో బల్బుల వరస. ప్రతి వీడియో ముక్కకూ అదే పేరుతో ఒక ఫైలు రాసి పక్కన ఉంచాలి. ఫైల్లో ఏమీ ఉండదు, వరసలు తప్ప: ఎన్నో సెకనులో ఎన్నో నంబరు దీపం వెలగాలి, ఎన్నో సెకనులో ఆరాలి. వీడియో ముక్కలు వరసగా అతికిస్తే ప్రోగ్రాము ఆ ఫైళ్ళను కూడా తానే అతికిస్తుంది. మొదటి ముక్క నాలుగు నిమిషాలైతే రెండో ముక్క ఫైల్లోని అంకెలన్నిటికీ నాలుగు నిమిషాలు కలుపుకుంటుంది. చూడ్డానికి చక్కగా ఉండేది. రాగి రేకులు కొట్టిన పనే, మేకులు లేకుండా.

ముందటేడు గర్భగుడిలో తీసిన క్యాసెట్లు కమిటీ వాళ్ళు తెచ్చిచ్చారు. వాటిని మూడు ముక్కలుగా కోశాను. పసుపు పూత ఒకటి, నగలు రెండు, హారతి మూడు. మూడోదే ముఖ్యం. అలంకారమయ్యాక అమ్మ కళ్ళకు పసుపు గుడ్డ కడతారు. కర్పూర హారతి ఎత్తినప్పుడే గుడ్డ తీస్తారు, డప్పు అప్పుడే మోగుతుంది. హారతికి ముందు అమ్మ కళ్ళు ఎవరూ చూడకూడదు. గుడ్డ కట్టిన దగ్గరనుంచి పూజారి కూడా తల వంచుకునే ఉంటాడు. బల్బుల గంగమ్మకూ అదే నియమం.

మేస్త్రి బస్సులో మదనపల్లె వచ్చి రెండు రోజులు నా గదిలో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే నేలమీద, కుర్చీ వేసినా కూర్చోలేదు. తెరమీద బొమ్మ కదులుతుంటే వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పేవాడు, నేను ఫైల్లో ఎక్కించేవాణ్ణి. ఆయన తెచ్చిన కాగితం మీద దీపాల జాబితా రెండుతో మొదలైంది.

"ఒకటి ఏది?" అన్నాను.

"ఒకటి ఖాళీ సామీ."

"ఖాళీ ఎందుకు? రెండును ఒకటి చేద్దాం."

"వద్దు సామీ. అట్లే ఉండనీ." పెన్సిలు చెవిలోంచి తీసి మళ్ళీ చెవిలోనే పెట్టుకున్నాడు. ముసలివాళ్ళ అలవాటు అనుకుని వదిలేశాను.

రెండో రోజు సాయంత్రం మూడు ముక్కలూ కలిపి వేసి చూశాం. బల్బుల బదులు పెట్టెమీద చిన్న చిన్న ఎర్ర దీపాలు. తెరమీద హారతి లేవడం, పెట్టెమీద కళ్ళ దీపం వెలగడం ఒకేసారి జరిగాయి. మేస్త్రి నోరు తెరిచి పెట్టెనే చూస్తూ ఉండిపోయాడు. తరవాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఇంగ బెంగుళూరోళ్ళు రానక్కర్లేదు కదా సామీ?" అని అడిగాడు.

"రానక్కర్లేదు," అన్నాను. మాట ఇచ్చినట్టే అది.

చాటింపు రోజు పొద్దున్నే పెట్టెలు సర్దేముందు కంప్యూటర్ ముందు కూర్చుని మరొక్కసారి చూసుకున్నాను. ఏదో వెలితిగా అనిపించింది. పసుపు పూతతో మొదలవుతోంది వీడియో. విఘ్నేశ్వరుడు లేడు. వినాయకుడి బొమ్మ, గంట చప్పుడు లేకుండా నా గదిలోంచి ఒక్క పెళ్ళి క్యాసెట్టూ బయటికి పోలేదు. ఏ వీడియో మిక్సింగ్ చేసేవాడూ పోనివ్వడు. మా తాతయితే పాలు పిండించే ముందు కూడా గణపతికి దండం పెట్టించేవాడు. పదకొండు సెకన్ల వినాయకుడి ముక్క ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది నా దగ్గర. అన్నిటికంటే ముందు దాన్ని అతికించి, మొత్తం మళ్ళీ ఒకటే వీడియోగా తయారుచేయించాను. మూడు గంటలు పట్టింది. తృప్తిగా బయలుదేరాను.

మా ఊరు చేరేసరికి ఎండ ఇంకా గట్టిగానే ఉంది. చట్రం నిలబెట్టి ఉంది, తెర కట్టి ఉంది. పాత ఇంటి వైపు చూడకుండా గుడి వెనక టార్పాలిన్ కిందికి నడిచాను. అక్కడ కంప్యూటర్ పెట్టుకోవడానికి బల్ల వేసి ఉంచారు. పక్కన గోనెపట్టా కప్పి ఆ రోలరు. దానికి తీగెలన్నీ బిగించి ఉన్నాయి.

"ఇదెందుకు తెచ్చావు?" అన్నాను.

"తోడుకు సామీ. కంప్యూటరు మొండికేస్తే సేత్తో తిప్పుతా. బొమ్మను సూసుకుంటా తిప్పుతా."

"నా మీద నమ్మకం లేకుంటే నన్ను పిలవాల్సింది కాదు."

"మీమీద ఉండాది సామీ. కరెంటు మీద లేదు."

ఒకసారి మొత్తం వేసి చూద్దామన్నాడు. మదనపల్లెలో చూశాం కదా అన్నాను. ఆయన నిచ్చెన ఎక్కి, అమ్మ కళ్ళ బల్బులు నాలుగూ విప్పి పసుపు గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. హారతికి ముందు కళ్ళు వెలగకూడదు, అది పరీక్ష అయినా సరే. దిగి వచ్చి పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, నా వైపే చూస్తున్నాడు. వేయక తప్పలేదు.

ఎండలో తెరమీద బొమ్మ సరిగ్గా కనబడలేదు, బల్బుల వెలుగూ తెలియలేదు. ఏదో వెలుగుతోంది, ఏదో ఆరుతోంది. నేను కంప్యూటర్ మీద బొమ్మ చూస్తున్నాను. మేస్త్రి మాత్రం కళ్ళు మూసుకుని, పెట్టెలోని టకటకలు వింటూ వేళ్ళు మడుస్తున్నాడు. నగల దగ్గరకు వచ్చేసరికి ఆయన ముఖం ముడుచుకుంది.

"సామీ, తప్పుండాది."

"ఏం తప్పు?"

"ముందరుండాది. గాజులు బొమ్మలో ఇంకా ఎయ్యలా. ఈడ టక్కుమనేసింది."

"కంప్యూటర్ తప్పు చేయదు మేస్త్రీ. ఎండకు నీ లెక్క తప్పింటుంది."

"నా లెక్క నా పెండ్లాము దగ్గర తప్పుతాది గానీ రేకు దగ్గర తప్పదు సామీ. పదకొండు వేళ్ళు ముందరుండాది."

పదకొండు అన్న మాట వినగానే పొద్దున అతికించిన ముక్క గుర్తొచ్చింది. హారతి దాకా పోనిచ్చాను. తెరమీద అమ్మ కళ్ళకు గుడ్డ ఇంకా అలాగే ఉంది, పూజారి వంగి కర్పూరం సర్దుతున్నాడు. పెట్టెలో చివరి స్విచ్చు పడింది. కళ్ళ స్విచ్చు. బల్బులు మేస్త్రి జేబులో ఉన్నాయి కాబట్టి ఆ పదకొండు సెకన్లూ మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియలేదు. అదే రాత్రివేళ, ఊరంతా కూర్చున్నప్పుడు జరిగితే? గుడ్డ కప్పిన కళ్ళు ముందే తెరుచుకుంటే, పోయినేడు ఒక కన్ను వెలగకపోవడం దానిముందు చిన్న విషయం.

మేస్త్రి లేచి వెళ్ళి రోలరు మీది గోనెపట్టా తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు. అలా మడతపెట్టడం చూస్తుంటే నాకు కలిగిన సిగ్గు, ఆయన నాలుగు మాటలు తిట్టినా కలిగేది కాదు.

"ఆగు మేస్త్రీ," అన్నాను. "తప్పు నాదే. పొద్దున వినాయకుడి బొమ్మ కలిపాను, పదకొండు సెకన్లు. నీకు చెప్పలేదు."

ఆయన ఆగాడు. "కలిపితే మంచిదే కదా సామీ. లెక్క అదే కలుపుకుంటాదన్న్యారు కదా?"

అదే నాకూ అర్థం కాలేదు. ముక్క ఎంత పొడుగో చూసి తరవాతి ఫైలుకు కలుపుకోవడం ప్రోగ్రాము పనే. అతికించిన ఫైలు తెరిచి చూశాను. మొదటి వరసలో పసుపు దీపం మూడో సెకనులోనే ఉంది, మునుపటిలాగే. వినాయకుడు ఉన్నట్టే దానికి తెలియదు. కాసేపు ఆ అంకెల్నే చూస్తూ కూర్చున్నాక తట్టింది. ప్రోగ్రాము ఫైళ్ళను మాత్రమే లెక్కపెడుతోంది. పసుపుకు ఫైలు ఉంది, నగలకు ఉంది, హారతికి ఉంది. వినాయకుడి ముక్కలో ఏ దీపమూ వెలగనక్కర్లేదని నేను ఆయనకు ఫైలే రాయలేదు. ఫైలు లేని ముక్కను అది లేనట్టే దాటేసింది.

మేస్త్రికి చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"స్వామికి ఒగ దీపం గూడా ఇయ్యలేదా?"

"ఇవ్వలేదు."

"కోపం రాదా మరి ఆయనకు?" అని నవ్వాడు. ఆ రోజు మొదటిసారి నవ్వడం. "ఇచ్చేయండి. ఒగ దీపం ఇచ్చేస్తే ఊరుకుంటాడు."

వీడియోను మళ్ళీ తయారుచేయాలంటే మూడు గంటలు. చాటింపుకు గంటన్నర ఉంది. వీడియోను ముట్టుకోనక్కర్లేదు, వినాయకుడి ముక్క పేరుతో ఒక్క వరస ఫైలు రాస్తే చాలు, పదకొండు సెకన్లూ లెక్కలోకి వస్తాయి. కానీ వరసలో దీపం నంబరు ఉండాలి. ఉన్న దీపాలన్నీ అమ్మవి. పసుపు పూతకు ముందే అమ్మ దీపం ఏది వెలిగినా తప్పే.

"ఏ నంబరు వేయను?" అన్నాను.

మేస్త్రి రోలరును కొంచెం తిప్పి, ఒకచోట ఆపి, నన్ను రమ్మన్నాడు. అంచున ఒక పొడుగాటి రాగి రేకు ఉంది, మిగిలిన వాటికంటే పాతది. దానికి ఎదురుగా తీగె లేదు.

"ఇది ఒకటి సామీ. సట్రం మీద పైన, కిరీటానికి పైన ఒగ బల్బుండాది సూడండి, విడిగా. పెద్దింటి దీపం. మీ నాయన ఈడ వత్తి ఎలిగించినప్పుడు ఆడ అది ఎలిగేది. ఆయన పోయినాక, మీరు రాలే. ఇంగొకరు ఎలిగిస్తే ఎలిగించేదానికి నాకు మనసు రాలే. తీగె పీకేసినా. రేకు పీకలేదు. రోలరు మార్చినప్పుడు గూడా రేకు తెచ్చి దీనికే కొట్టినా."

నేను వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వెళ్ళాను. కొంచెంసేపు కీబోర్డు మీది అక్షరాలు సరిగ్గా కనబడలేదు. తరవాత రాశాను. సున్నా సెకను, ఒకటో నంబరు, వెలుగు. ఆరమని రాయలేదు.

మేస్త్రి నిచ్చెన ఎక్కి తీగె కలిపాడు. మూడో ముక్క మాత్రం ఇంకోసారి వేసి, ఇద్దరం కళ్ళు మూసుకుని విన్నాం. డప్పు మోగింది, స్విచ్చు పడింది. రెండూ ఒకే చప్పుడు. "సరిపోయింది," అన్నాడు మేస్త్రి. "ఇంగోసారి," అన్నాను నేను. మళ్ళీ విన్నాం. మళ్ళీ సరిపోయింది. మూడోసారి వేయబోతే ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు. "సాలప్పా, పెట్టె వేడెక్కతాది." సామీ పోయి అప్పా అయిన సంగతి ఆయనకూ తెలిసినట్టు లేదు. నేను దాన్ని సరిదిద్దలేదు.

పొద్దు గూకగానే జనం వచ్చారు. బస్సుల్లో, ట్రాక్టర్లలో, చాపలు చంకన పెట్టుకుని. తంబళ్లపల్లె వైపునుంచి వచ్చిన చుట్టాలకు ముందువరస ఇచ్చారు. మేస్త్రి కళ్ళ బల్బులు బిగించి, వాటిమీద పసుపు గుడ్డ కప్పి, దానికొక దారం కట్టి కిందికి వదిలాడు. హారతి వేళకు దారం లాగడం ఆయన పని.

కమిటీ పెద్ద టార్పాలిన్ కిందికి తొంగిచూశాడు. "ఏమప్పా, అంతా సిద్ధమేనా? ఈ ఏడు గూడా ఒంటికంటి గంగమ్మ గాదు కదా?"

మేస్త్రి తల వంచుకున్నాడు.

"మేస్త్రి చేసిన పని బాగానే ఉంది," అన్నాను. "ఏదైనా తప్పు జరిగితే అది నాది. ముందే చెప్తాండా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం పుట్టిందప్పా నీకు ఈ పొద్దు?" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మీట నొక్కాను. తెరమీద వినాయకుడు, గంట చప్పుడు. కిరీటం పైన చీకట్లో ఒక్క బల్బు వెలిగింది. మిగిలిన చట్రమంతా నల్లగా ఉంది. ముందువరసలో ఒక ముసలమ్మ చెయ్యెత్తి చూపించి, "అదో, పెద్దింటి దీపం! ఎన్నేండ్లయింది సూసి!" అంది, ఎవరితో అన్న ఆలోచన లేకుండా. పక్కావిడ, "ఎవురు ఎలిగించినారంటావు?" అంది. "ఎవురో ఒకరు. కూసో, బొమ్మ అడ్డం వస్తాంది."

తరవాతి పదిహేను నిమిషాలు నేను తెర చూడలేదు. మేస్త్రి వేళ్ళనే చూశాను. ఆయన మడుస్తున్న వేలూ, పెట్టెలోని చప్పుడూ ఒక్కసారీ తప్పలేదు. పసుపు, చీర, గాజులు, వడ్డాణం, ముక్కుపుడక. తెరమీద అమ్మ కళ్ళకు గుడ్డ కట్టారు. జనం తలలు వంచారు. నేనూ వంచాను. పదకొండు దాకా లెక్కపెట్టాను, ఎందుకో తెలియదు. ఆ పదకొండూ చీకట్లో నిశ్శబ్దంగా గడిచాయి. డప్పు మోగింది. మేస్త్రి దారం లాగాడు.

"అమ్మా గంగమ్మా!" అని ఊరంతా ఒక్కసారి అరిచింది. తల ఎత్తాను. రెండు కళ్ళూ వెలుగుతున్నాయి.

ఇక నిలబడాలనిపించలేదు. ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. దగ్గర్లో ఉన్నది తీగచుట్ట ఒకటే. దానిమీద కూలబడి, వెనక ఏదో గట్టిగా తగిలితే దానికి ఆనుకున్నాను. ఇస్త్రీ చొక్కాకు మసి అంటింది. మేస్త్రి భార్య, ఆమె కూడా కుప్పం నుంచి వచ్చింది, గ్లాసుతో టీ తెచ్చి ఈసారి అడగకుండా చేతిలో పెట్టింది. తాగాను. బెల్లం టీ. రెండో గ్లాసు నేనే అడిగి తాగాను.

కమిటీ పెద్ద వచ్చి మేస్త్రి భుజం మీద గట్టిగా చరిచాడు. "బతికిపోయినావు పో! వచ్చే ఏడు గూడా నువ్వే. బెంగుళూరూ లేదు, గింగుళూరూ లేదు." మేస్త్రి రెండు చేతులూ ఎత్తి గంగమ్మకు మొక్కాడు. తువ్వాలు నడుముకు కట్టి ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. విప్పి భుజం మీద వేసుకున్నాడు.

నేను ఆనుకున్నది రోలరని లేచాక తెలిసింది. చిలక చెక్కిన చోటు సరిగ్గా నా వీపు దగ్గర ఉంది. మేస్త్రి దానికి బిగించిన తీగెలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

"మేస్త్రీ, ఇంక దీంతో పనిలేదు కదా," అన్నాను. "నాకిస్తావా?"

ఆయన పని ఆపి, నన్నూ రోలరునూ మార్చి మార్చి చూశాడు. చాలాసేపు ఆలోచించాడు పాపం.

"ఇయ్యనప్పా. ఏమీ అనుకోవద్దు. వచ్చే ఏడు కరెంటు పోతే?"

నేను నవ్వేశాను. నిజానికి ఆయన ఇచ్చి ఉంటే దాన్ని మేడమీదికి ఎలా ఎక్కించేవాణ్ణో, ఆ గదిలో ఏ మూలన పెట్టేవాణ్ణో నాకే తెలియదు. గోనెపట్టాకు ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస ఆయన పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి కప్పి, తాడు కట్టి, టెంపోలోకి ఎక్కించాం.